కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో, అంటే కీళ్లవాతంతో, పద్నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు నా బీపీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. కీళ్ల డాక్టరు దగ్గర బీపీ చూసి 148/92 అని చీటీ మీద రాసేవారు, "నొప్పి వల్ల కాస్త పెరిగి ఉంటుందిలెండి" అనేవారు. మామూలు డాక్టరు దగ్గరికెళ్తే "మీ మందులన్నీ వాళ్లే చూస్తున్నారుగా, వాళ్లనే అడగండి" అనేవారు. ఇద్దరూ మంచివాళ్లే. ఆ అంకె మాత్రం రెండు ఫైళ్లలోనూ అలాగే ఉండిపోయింది. ఇలా ఇద్దరు డాక్టర్ల మధ్య సందులో పడిపోయే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను డాక్టర్ని కాదు. మందు మొదలుపెట్టడం, ఆపడం మీ డాక్టరుతో మాట్లాడాకే.

కీళ్ల జబ్బుకీ గుండెకీ ఏమిటి సంబంధం?

రక్తనాళం లోపలి గోడకి ఒక పలచటి పొర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది నున్నగా, ఏదీ అంటుకోకుండా ఉంటుంది. కీళ్లలో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు కీళ్ల దగ్గరే ఆగిపోవు, రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి. వాటి దెబ్బకి ఆ నున్నటి పొర జిగురుగా తయారవుతుంది. తెల్లకణాలు దానికి అతుక్కుని గోడ లోపలికి దూరతాయి, అక్కడ చేరిన చెడు కొలెస్ట్రాల్‌ని మింగి ఉబ్బిపోయి పూడికగా మిగిలిపోతాయి. వయసు మీద పడేకొద్దీ ఇది అందరికీ కొద్దోగొప్పో జరిగేదే. మనకి త్వరగా జరుగుతుంది. పైగా పూడిక మీద ఉండే గట్టి కప్పు కూడా వాపు వల్ల పలచబడుతుంది. అది చిట్లిందంటే దాని మీద రక్తం గడ్డకడుతుంది. గుండె నాళంలో అయితే గుండెపోటు, మెదడుకి వెళ్లే నాళంలో అయితే పక్షవాతం.

ఇదంతా ఊహేమో అనుకునేవాళ్లకి 2017లో కాంటోస్ అనే పెద్ద పరిశోధన జవాబు చెప్పింది. అంతకుముందు గుండెపోటు వచ్చి, రక్తంలో వాపు గుర్తులు ఉన్న పదివేల మందికి పైగా తీసుకున్నారు. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపుని మాత్రమే తగ్గించే ఇంజక్షన్ ఇచ్చారు. ఒక మోతాదు దగ్గర గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరగడంతో ఆ ఇంజక్షన్ గుండె మందుగా వాడుకలోకి రాలేదు. వాపు తగ్గితే గుండెకి మేలని మాత్రం తేలిపోయింది.

ముప్పు ఎంత ఎక్కువ? భయపడేంతా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మామూలువాళ్ల కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నర రెట్లు అనగానే గుండె జారిపోతుంది గానీ, దేనికి ఒకటిన్నర రెట్లో చూడాలి. మీ వయసుకి, మీ బీపీకి పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం నూటికి నాలుగు అనుకుందాం, అది ఆరవుతుంది. అదే సిగరెట్లు, షుగర్, బీపీ అన్నీ ఉండి నూటికి ఇరవై ఉన్నవాళ్లకి ముప్పై అవుతుంది. కీళ్ల జబ్బు ఒకటే అయినా, దేని మీద వచ్చి కూర్చుంది అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడి చర్మం, కీళ్లు, కిడ్నీల్లాంటి చోట్ల వాపు తెచ్చే జబ్బు) కథ వేరు. 1997లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 35 నుంచి 44 ఏళ్ల లూపస్ స్త్రీలకి గుండెపోటు ముప్పు అదే వయసు మామూలు స్త్రీల కంటే యాభై రెట్లకు పైగా కనబడింది. ఆ వయసు ఆడవాళ్లకి మామూలుగా గుండెపోటు చాలా అరుదు కాబట్టి రెట్లు అంత పెద్దగా కనిపిస్తాయి, నిజమే. అయినా ముప్పై ఎనిమిదేళ్ల లూపస్ మనిషి "ఛాతీ బరువుగా ఉంది" అంటే "ఈ వయసులో గుండె ఏంటమ్మా, గ్యాసు" అని పంపించెయ్యకూడదు.

తీవ్రమైన సోరియాసిస్, సోరియాటిక్ ఆర్థరైటిస్, వెన్నెముకకి వాపు వచ్చే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, పేగుల్లో వచ్చే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్, రక్తనాళాలకే వాపు వచ్చే వాస్క్యులైటిస్ కూడా ఈ జాబితాలోవే.

ఆన్‌లైన్ రిస్క్ కాలిక్యులేటర్‌లో తక్కువే వచ్చింది. ఇక ఊరుకోవచ్చా?

ముందు ఆ కాలిక్యులేటర్ మిమ్మల్ని కీళ్లవాతం ఉందా అని అడిగిందో లేదో చూడండి. చాలావాటిలో ఆ గడే ఉండదు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన క్యూరిస్క్-3లో రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, స్టెరాయిడ్ వాడకం మూడింటికీ గళ్లున్నాయి. అడగనివాటిలో వచ్చిన అంకెని రుమటాయిడ్ ఉన్నవాళ్లయితే 1.5తో హెచ్చవేసుకోమని యూరప్ రుమటాలజీ సంస్థ యూలార్ సూచించింది. ఒకసారి వేసి వదిలెయ్యడం కాదు, కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ లెక్క చూడాలి. మందుల్లో పెద్ద మార్పు జరిగినప్పుడు ఇంకా ముందే చూడాలి.

నా కొలెస్ట్రాల్ చాలా తక్కువ వచ్చింది. మరి గుండెకి ఢోకా లేనట్టేగా?

రక్తం ఎప్పుడిచ్చారు? కీళ్లు మండిపోతున్న వారంలో ఇచ్చి ఉంటే ఆ రిపోర్టుని నమ్మకండి. ఒంట్లో వాపు ఉధృతంగా ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ అంకెలు తగ్గుతాయి, ముప్పు మాత్రం ఎక్కువగానే ఉంటుంది. మందులు పనిచేసి జబ్బు శాంతించాక అవే అంకెలు పైకొస్తాయి. నాకు ఇదే జరిగింది. కొత్త ఇంజక్షన్‌తో చేతివేళ్లు మడవగలిగిన ఆనందంలో ఉండగా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 92 నుంచి 131కి పోయింది, మందే చేటు చేసిందని గాభరాపడ్డాను. నిజానికి ఆ 131 నా అసలు అంకె. ఇన్నాళ్లూ జబ్బు దాన్ని దాచిపెట్టింది.

అందుకే కొలెస్ట్రాల్ పరీక్ష జబ్బు నెమ్మదించి నిలకడగా ఉన్నప్పుడు చేయించుకోవడం మేలు. టోసిలిజుమాబ్ ఇంజక్షన్, జాక్ మందులు (టోఫాసిటినిబ్ లాంటి కీళ్లవాతం బిళ్లలు) మొదలుపెట్టినవాళ్లకి ఒకటి నుంచి మూడు నెలల తర్వాత మళ్లీ చూడమంటారు, అవి అంకెల్ని ఎక్కువగా పెంచుతాయి కాబట్టి.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ చేయించుకుంటే గుండె సంగతి తెలుస్తుందంటున్నారు?

అది రక్తంలో వాపుని కొలిచే పరీక్ష. కీళ్ల జబ్బు లేనివాళ్లకి కొంత ఉపయోగం. మన సీఆర్‌పీ కీళ్ల వల్లే ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని చూసి గుండె ముప్పు లెక్కగట్టడం కుదరదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

కీళ్ల మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాను. అవే గుండెనీ కాపాడవా?

సగం కాపాడతాయి. మెథోట్రెక్సేట్, టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఇంజక్షన్లు వాడి జబ్బుని అదుపులో ఉంచుకున్న రుమటాయిడ్ రోగుల్లో గుండెపోట్లు తక్కువని చాలా అధ్యయనాలు చూపించాయి. జబ్బు అణిగితే నడవగలం, స్టెరాయిడ్, నొప్పి బిళ్లలు తగ్గించగలం, ఆ లాభాలూ కలిసొస్తాయి.

మిగతా సగం బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగాకు. వీటిని ఏ కీళ్ల మందూ చూసుకోదు. జబ్బు పూర్తిగా అణిగిపోయి, బీపీ 150 దగ్గర ఊగుతున్నవాళ్లని చూశాను. బీపీ చక్కగా 122 ఉండి, "నొప్పి భరించగలనులే" అని ఏళ్ల తరబడి మణికట్లు వాచిపోయి తిరిగేవాళ్లనీ చూశాను. ఇద్దరి లెక్కా తప్పే. భరించగలిగిన వాపు కూడా రక్తనాళాన్ని తింటూనే ఉంటుంది.

ప్రెడ్నిసలోన్ మానలేకపోతున్నాను. గుండెకి మంచిది కాదంటున్నారు, ఏం చెయ్యను?

స్టెరాయిడ్ బీపీని పెంచుతుంది, షుగర్‌ని పెంచుతుంది, కొవ్వుని పెంచుతుంది, ఆకలిని పెంచి బరువునీ పెంచుతుంది. మోతాదు, రోజులు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అందుకని ఈ రాత్రికి రాత్రే మానెయ్యడం మాత్రం ప్రమాదం. కొన్ని వారాలకి మించి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోతుంది. బిళ్ల ఠక్కున ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం నెమ్మదిగా దిగాలి.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఇది: "స్టెరాయిడ్‌ని వీలైనంత తక్కువలో ఉంచడానికి, లేదా పూర్తిగా తీసెయ్యడానికి వేరే మందు ఏదైనా పెంచవచ్చా?" లూపస్‌కి యూలార్ 2023లో ఇచ్చిన సూచనల్లో నిలకడ మోతాదు రోజుకి 5 మిల్లీగ్రాములు లేదా ఇంకా తక్కువ ఉండాలని, వీలైతే తీసెయ్యాలని ఉంది.

షుగర్ విషయంలో ఒక కిటుకు. ఉదయం స్టెరాయిడ్ వేసుకునేవాళ్లకి పరగడుపు షుగర్ మామూలుగానే ఉండి, మధ్యాహ్నం భోజనం తర్వాత నుంచి సాయంత్రం దాకా పైకెక్కుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని "షుగర్ లేదు" అనుకోకండి. మధ్యాహ్న భోజనం తర్వాతదీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూడాలి.

నొప్పి బిళ్ల లేకుండా రోజు గడవదు. ఏది మంచిది?

అందరికీ ఇదే మంచిదని చెప్పగలిగే బిళ్ల లేదు. అవసరమైనంత తక్కువ మోతాదులో, వీలైనన్ని తక్కువ రోజులు అన్నదొక్కటే అందరికీ వర్తిస్తుంది. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందుని గుండెపోట్లు పెరుగుతున్నాయనే కారణంతో 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాతే మిగతా బిళ్లల మీదా కన్నుపడింది. మొదటి కొన్ని వారాల్లోనే ముప్పు మొదలవ్వచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది.

డైక్లోఫెనాక్ గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకి, గుండె బలహీనత ఉన్నవాళ్లకి వాడకూడదు. ఎటోరికాక్సిబ్ బీపీ అదుపులో లేనివాళ్లకి పనికిరాదు. నాప్రాక్సెన్ గుండె విషయంలో కొంత నయంగా కనిపించినా కడుపులో రక్తస్రావం సంగతి చూసుకోవాలి. ఈ బిళ్లలన్నీ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి, బీపీ మందుల పని పాడుచేస్తాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి. బీపీ మందు పెంచుతున్నా తగ్గట్లేదంటే ముందు నొప్పి బిళ్ల వైపు చూడండి.

గుండె కోసం చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు ఐబుప్రోఫెన్‌తో మరీ జాగ్రత్త. ఐబుప్రోఫెన్ ముందు వెళ్లి కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటుండదు, రక్షణ పోతుంది. ఎప్పుడైనా ఒకసారి తప్పకపోతే మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాత గానీ, ఆస్పిరిన్‌కి ఎనిమిది గంటల ముందు గానీ వేసుకోవాలి. పేగుల్లో కరిగే పూత ఉన్న ఆస్పిరిన్‌కి ఈ లెక్క పనిచెయ్యదు, డాక్టర్ని అడగాలి.

నీళ్లలో బుసబుసమంటూ కరిగే పారాసెటమాల్ బిళ్లలు చూడటానికి అమాయకంగా ఉంటాయి. చాలా రకాల్లో ఒక్కో బిళ్లలో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం, అంటే గ్రాము ఉప్పు. రోజుకి ఆరు వేస్తే తిండిలో ఎంత ఉప్పు తగ్గించినా లాభం లేదు. మామూలు గట్టి బిళ్ల వేసుకోండి.

జాక్ మందు రాశారు. ఇంటర్నెట్‌లో చదివి భయమేస్తోంది.

భయానికి ఒక ఆధారం ఉంది, అది ఏమిటో తెలిస్తే చాలు. 50 ఏళ్లు దాటి, గుండె ముప్పు కారణం కనీసం ఒక్కటైనా ఉన్న రుమటాయిడ్ రోగుల్లో టోఫాసిటినిబ్‌ని టీఎన్‌ఎఫ్ ఇంజక్షన్లతో పోల్చి చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణం కలిపి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతం మందికి, ఇంజక్షన్ వాళ్లలో 2.5 శాతం మందికి జరిగాయి. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. ఈ పరిశోధన వల్లే ఈ తరగతి మందుల మీద హెచ్చరిక పెట్టారు. పొగతాగేవాళ్లు, గతంలో తాగినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు, వయసు పైబడ్డవాళ్లకి వేరే దారి ఉంటే అదే ముందు. ముప్పైల్లో ఉండి ఇవేవీ లేనివాళ్ల లెక్క వేరు. మీరు ఏ గుంపులో ఉన్నారో డాక్టర్ని సూటిగా అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ గుండెకి మంచిదా, చెడ్డదా?

లూపస్‌లో చాలా మంచిది. రక్తం గడ్డకట్టే గుణాన్ని, షుగర్‌ని, కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష. గుండె లయని మార్చే మందులు ఇంకేమైనా వాడుతుంటే ఈసీజీ తీయించమనండి.

ఇంట్లో బీపీ ఎలా చూసుకోవాలి? ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

వస్తుంది. ఎలా చూస్తున్నామన్నదే అసలు సంగతి. నా పద్ధతి చెబుతాను. పొద్దున బిళ్లలు వేసుకోకముందు, కాఫీ తాగకముందు, బాత్రూముకి వెళ్లొచ్చి వీపు ఆనించే కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుంటాను. కాళ్లు నేల మీద, ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా. పట్టీ చుట్టడమే నాకు పెద్ద పని. పొద్దుటిపూట వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, అతుకుడు పట్టీని లాగి పట్టుకోలేను. అందుకని పట్టీని ముందే గుండ్రంగా అతికించి, గాజులా చేతికి ఎక్కించి, చివర కొస పళ్లతో లాగి బిగిస్తాను. చూసేవాళ్లకి నవ్వొస్తుంది, అంకె మాత్రం సరిగ్గా వస్తుంది. మోచెయ్యి పూర్తిగా చాపలేనివాళ్లు చెయ్యి కింద దిండు పెట్టుకుని పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకుంటే చాలు. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయాలి.

పొద్దున, సాయంత్రం ఇలా వారం రోజులు రాసి, మొదటి రోజుది వదిలేసి మిగతావాటి సగటు తీయండి. డాక్టరు దగ్గర 140/90 అంటే ఎంతో, ఇంట్లో 135/85 అంతకి సమానం. లూపస్ ఉన్నవాళ్లకి 130/80 లోపు లక్ష్యంగా పెడుతున్నారు, చాలామంది డాక్టర్లు మిగతావాళ్లకీ అదే అంటున్నారు. మొట్టమొదటిసారి రెండు చేతులకీ చూడాలి. లెఫ్లూనమైడ్, సైక్లోస్పోరిన్ అనే కీళ్ల మందులు కూడా బీపీ పెంచుతాయి, ఆ మందులు మొదలెట్టిన నెలల్లో పుస్తకం మూసెయ్యకండి.

వేలితో మణికట్టు నాడి కూడా అర నిమిషం పట్టి చూడండి. దెబ్బ దెబ్బకీ మధ్య ఎడం ఎలా పడితే అలా ఉంటే ఈసీజీ తీయించుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం వల్ల గుండెలో గడ్డకట్టి మెదడుకి పోతుంది, రుమటాయిడ్‌లో అది కొంచెం ఎక్కువే.

అసలే ఒళ్లునొప్పులు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ల) వేసుకుంటే ఇంకా పెరగవా?

నేనూ ఇదే అడిగి ఏడాది వాయిదా వేశాను. సుమారు మూడు వేల మంది రుమటాయిడ్ రోగులకి సగం మందికి అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూసిన పరిశోధన ఒకటుంది. ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. స్టాటిన్ నొప్పి మామూలుగా రెండు తొడల్లో, భుజాల కండల్లో వస్తుంది, కీలు వాచదు, పొద్దుటి బిగుతు ఉండదు. అలాంటిది వస్తే కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష చేయించి, మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కి మారడమో చూస్తారు. కండరాలు బలహీనపడి కుర్చీలోంచి లేవలేకపోతే, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చెప్పాలి. మందు ఆపినా తగ్గని కండర జబ్బు చాలా అరుదుగా వస్తుంది, దానికీ పరీక్ష ఉంది.

సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకి సింవాస్టాటిన్ ఇవ్వకూడదు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే మాట్లాడాలి.

రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే మంచిదేగా?

గుండెపోటు, స్టెంట్, గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం ఉన్నవాళ్లకి మంచిది. ఇవేవీ లేకుండా ముందుజాగ్రత్తగా అందరూ వేసుకోకూడదు. స్టెరాయిడ్, నొప్పి బిళ్ల పక్కన ఆస్పిరిన్ చేరితే కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది.

దీనికి ముఖ్యమైన మినహాయింపు యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. రక్తాన్ని గడ్డకట్టించే ఈ యాంటీబాడీలు లూపస్‌లో చాలామందికి ఉంటాయి, చిన్న వయసులో పక్షవాతానికి ఇదొక కారణం. పరీక్షలు మూడు: లూపస్ యాంటీకోయాగులెంట్, కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్. ఒకసారి పాజిటివ్ వస్తే పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారిస్తారు. ముప్పు ఎక్కువున్న రకంగా తేలితే, గడ్డ ఇంకా కట్టకపోయినా లూపస్ ఉన్నవాళ్లకి రోజుకి 75 నుంచి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తారు. గడ్డ కట్టినవాళ్లకి వార్ఫరిన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని మందు. వార్ఫరిన్‌కి మాటిమాటికీ చేయించాల్సిన ఐఎన్‌ఆర్ రక్తపరీక్షల గోల లేని కొత్త మందు అడగాలనిపిస్తుంది, సహజం. కానీ మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్నవాళ్లకి అలాంటి కొత్త మందైన రివరాక్సబాన్ ఇచ్చి చూసిన పరిశోధనని 2018లో మధ్యలోనే ఆపేశారు, వార్ఫరిన్ వాళ్ల కంటే వీళ్లకే పక్షవాతాలు, గుండెపోట్లు ఎక్కువ వచ్చాయని.

కీళ్ల నొప్పులతో వ్యాయామం ఎలా చేస్తాం?

వారానికి 150 నిమిషాలు అని చదివితే నాకు మొదట్లో కోపం వచ్చేది. పది నిమిషాల ముక్కలుగా చేసుకున్నా లెక్కలోకొస్తుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో కీళ్లని వాటి హద్దు మేరకి మెల్లగా కదిలించి వదిలెయ్యండి, నడక మర్నాటికి. నీళ్లలో నడక మోకాళ్లకి సుఖం.

నడకతో పాటు బలం కూడా కావాలి. రుమటాయిడ్ కండని తినేస్తుంది, ఆ చోట కొవ్వు చేరుతుంది, తూకం మాత్రం మారదు. బరువు సరిగ్గానే ఉందని మురిసిపోయే సన్నటి మనుషులకీ లోపల ఇది జరుగుతుంటుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. అక్కడ మొదలుపెట్టండి.

తిండి, ఉప్పు, సిగరెట్?

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అన్నిటిలో కలిపి. కూరగాయలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువ. వేపుడు, ప్యాకెట్ తిండి తక్కువ. వాపుని మాయం చేసే పొడులు, కషాయాల మీద డబ్బు పోసేకంటే ఇది నయం. సిగరెట్ మానెయ్యాలి, తగ్గించడం కాదు. పొగ గుండెని దెబ్బతీయడమే కాక రుమటాయిడ్‌ని ముదురుస్తుంది, మందుల్ని సరిగ్గా పనిచెయ్యనివ్వదు.

ఛాతీలో నొప్పి వచ్చింది. అది కీళ్లదా, గుండెదా?

ఇంట్లో తేల్చుకునే ప్రశ్న కాదిది. తేడాలు చెబుతాను గానీ వాటిని చూసి ఇంట్లో కూర్చోకండి. పక్కటెముకల కీళ్ల నొప్పి వేలితో నొక్కితే ఎక్కువవుతుంది. గుండె చుట్టూ ఉన్న పొరకి వాపొస్తే, లూపస్‌లో ఇది తరచు, పడుకుంటే నొప్పి పెరుగుతుంది, ముందుకి వంగి కూర్చుంటే తగ్గుతుంది. గుండెపోటు నొప్పి బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండి చెయ్యికి, దవడకి, వీపుకి పాకుతుంది.

చిక్కేమిటంటే రుమటాయిడ్ ఉన్నవాళ్లకి గుండెపోటు చప్పుడు లేకుండా రావడం ఎక్కువ. ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చల్లటి చెమటలు, వికారం, ఎప్పుడూ లేని నీరసం. అసలే నీరసానికి అలవాటుపడిన ఒళ్లు. పైగా ఎడమ భుజం నొప్పి మనకి పాత చుట్టం. "ఇది రోజూ వచ్చే నొప్పేనా?" అని మిమ్మల్ని మీరు ఒకసారి ప్రశ్నించుకోండి. కదిపినా కదపకపోయినా ఒకేలా ఉందంటే, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే పోతోందంటే, చెమటలు పడుతున్నాయంటే అంబులెన్స్ పిలవండి. ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపిస్తే అవమానమేం లేదు.

పక్షవాతం అని ఎలా పోల్చుకోవాలి?

ఒక్కసారిగా మూతి వంకర, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఒక కంటికి చూపు పోవడం, నిలబడలేనంత తూలు. నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక వాక్యం చెప్పమనండి. ఒక్కటి తేడాగా ఉన్నా అంబులెన్స్. వేళ్లు వాచి చెయ్యి ఎత్తలేకపోవడం మనకి మామూలే, అందుకే ఇంట్లోవాళ్లు పొరబడతారు. కీళ్ల వల్ల అయితే నొప్పి ఉంటుంది, గంటల మీద మెల్లగా పెరుగుతుంది. పక్షవాతం నొప్పి లేకుండా ఉన్నట్టుండి వస్తుంది.

మనిషి బాగున్నట్టు చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారో ఆ టైము రాసుకోండి, ఆస్పత్రిలో మొదట అడిగేది అదే. గడ్డని కరిగించే ఇంజక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు. పెద్ద నాళంలో గడ్డయితే కొందరికి 24 గంటల దాకా తీగతో బయటికి లాగగలరు. పది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయినా వెళ్లాలి, అసలు దెబ్బ తరచు మొదటి రెండు రోజుల్లోనే పడుతుంది. దారిలో ఆస్పిరిన్ ఇవ్వకండి, మెదడులో రక్తస్రావమో కాదో స్కాన్ చేశాకే తెలుస్తుంది.

యాభై దాటాక కొత్తగా తలనొప్పి వచ్చింది. దాని గురించి కూడా కంగారుపడాలా?

కణతల దగ్గర నొప్పి, తల దువ్వుకుంటే మంట, నమిలేటప్పుడు దవడ లాగడం, క్షణంసేపు చూపు మసకబారడం ఉంటే అవును, ఈరోజే. తలకి వెళ్లే రక్తనాళాలకి వాపు వచ్చే జెయింట్ సెల్ ఆర్టరైటిస్ కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోతుంది, పక్షవాతమూ రావచ్చు. ఇక్కడ మాత్రం పెద్ద మోతాదు స్టెరాయిడ్ వెంటనే మొదలుపెట్టడమే మందు. ఇన్నాళ్లూ స్టెరాయిడ్ తగ్గించమని చెప్పినవాళ్లే ఇప్పుడు పెంచుతారు, ఆశ్చర్యపోకండి.

యువతుల్లో ఒక చేతికి నాడి అందకపోవడం, రెండు చేతుల బీపీకీ పెద్ద తేడా ఉండటం, పెద్ద రక్తనాళాలకి వాపు వచ్చే టకయాసు జబ్బు గుర్తులు.

గర్భం, గర్భనిరోధక మాత్రలు?

యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడకూడదు, గడ్డలు కడతాయి. వేరే పద్ధతులున్నాయి. లూపస్ గర్భిణులకి బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువ కాబట్టి 16 వారాల లోపే చిన్న ఆస్పిరిన్ మొదలుపెడతారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగిస్తారు. ప్రీఎక్లాంప్సియా వచ్చి తగ్గినవాళ్లకి తర్వాతి జీవితంలో గుండె ముప్పు ఎక్కువ, పదేళ్లు గడిచినా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

ఫ్లూ టీకాకీ గుండెకీ సంబంధం ఉందా?

ఉంది. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు పెరిగినట్టు 2018లో వచ్చిన అధ్యయనం చూపింది. ఏటా సూది టీకా వేయించుకోండి. ముక్కులో కొట్టేది బతికున్న వైరస్‌ది, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లకి వద్దు. జబ్బు నిలకడగా ఉంటే టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపమంటారు కొందరు డాక్టర్లు, వేయించుకునే ముందే అడగండి.

ఇవన్నీ చదివాక టెన్షన్ ఎక్కువైంది. రాత్రి గుండె దడదడలాడుతోంది.

మొదటి నెల నాకూ అంతే, రోజుకి పన్నెండుసార్లు బీపీ చూసుకునేదాన్ని. చూసినకొద్దీ పెరిగేది. పుస్తకంలో పొద్దున రెండు, సాయంత్రం రెండు గళ్లు మాత్రమే గీసుకున్నాను, గడి లేకపోతే మిషను తీయకూడదని. దిగులు వారాల తరబడి పోకపోతే అది కూడా చికిత్స కావలసిన జబ్బే. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి లేస్తున్నారని పక్కవాళ్లు చెబితే నిద్ర పరీక్ష చేయించుకోండి, దడకీ బీపీకీ అదీ కారణమవుతుంది.

ఇంతకీ ఇవన్నీ ఏ డాక్టరు చూడాలి?

ఎవరో ఒకరు, పేరు పెట్టి. తర్వాతిసారి వెళ్లినప్పుడు కీళ్ల డాక్టర్ని ఇలా అడగండి: "నా బీపీ, కొలెస్ట్రాల్ ఎవరు చూస్తారండీ, మీరా, వాళ్లా?" జవాబు చీటీ మీద రాయించుకోండి.

నేను ఒక కాగితం వెంట పెట్టుకుంటాను, రెండువైపులా. ఒకవైపు జబ్బు పేరు, మొదలైన ఏడాది, వాడుతున్న మందులు మోతాదులతో, స్టెరాయిడ్ ఎన్నాళ్లు వాడానో, పడని మందులు. రెండోవైపు నాలుగు వరుసలు: బీపీ వారం సగటు, ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పక్కన తేదీ, ఆ రోజు కీళ్లు ఎలా ఉన్నాయో ఒక మాట. గుండె డాక్టరు దగ్గర మొదటివైపు, కీళ్ల డాక్టరు దగ్గర రెండోవైపు పైకి పెట్టి ఇస్తాను. మూడేళ్ల కిందట గుండె డాక్టరు ఆ కాగితం చూసి డైక్లోఫెనాక్ మీద అడ్డగీత గీశారు. ఆరు వారాలకి బీపీ 148 నుంచి 134కి దిగింది, కొత్త మందేమీ లేకుండానే. ఆ గీత ఉన్న కాగితం పాతబడిపోయినా ఫైల్లోనే ఉంచాను.